సినిమాలో హనుమాండ్లు వీపు

నాచారం పాత ఊళ్ళో పుట్టి, అక్కడి మందుల కంపెనీ గోదాములోనే డ్రమ్ములు దొర్లించే పనిలో చేరిన హనుమాండ్లుకు యాభై ఏళ్ళు దాటినా ఒంటికి కండ పట్టలేదు. తిండికి లోటు లేదు. పూటకు ముగ్గురి కూడు తింటాడు. అదంతా ఎటు పోతుందో ఆయనకే తెలియదు. చిన్నప్పుడు వాడకట్టంతా "పుల్ల" అని పిలిచేది. పెళ్ళయ్యాక ఆ బెంగ భార్య ఉప్పలమ్మకు పట్టుకుంది.

"నిన్ను జూస్తే నేను అన్నం పెడ్తలేనని జనం నన్ను తిడ్తరయ్యా" అనేది. గుడ్లు ఉడకబెట్టింది, నెయ్యి పోసింది, మొక్కులు మొక్కింది. చివరికి విసిగి వదిలేసింది.

ఒకనాటి పొద్దున ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర హోటల్లో చాయ్ తాగుతుంటే ఉపేందర్ అనే మనిషి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. సినిమాలకు జూనియర్ ఆర్టిస్టులను తెచ్చిపెట్టడం అతని పని. హనుమాండ్లును ఎగాదిగా చూసి, "అన్నా, ఏమనుకోకు గనీ, జర అంగీ ఇప్పుతవా?" అన్నాడు.

"పొద్దుగాల్నే తాగినవా ఏంది తమ్మీ?"

ఉపేందర్ నవ్వి సంగతి చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్‌లో శత్రువులకు పట్టుబడి, తిండి లేక ఏళ్ళ తరబడి మగ్గిన మన సిపాయిల మీద సినిమా తీస్తున్నారు. నాచారంలో మూతబడ్డ ఫ్యాక్టరీ ఆవరణలో యుద్ధఖైదీల క్యాంపు సెట్టు వేశారు. "పట్నమంత దేవులాడినం. అందరు జిమ్ము పోరగాళ్ళే దొరుకుతున్రు" అని వాపోయాడు.

హనుమాండ్లు అటూ ఇటూ చూసి అంగీ గుండీలు విప్పాడు. ఉపేందర్ ముఖం వెలిగిపోయింది.

సెలవు పెట్టి సెట్టుకు వెళ్ళాడు. ముళ్ళకంచె, వెదురు పాకలు, కాపలా మంచె. ఒంటికి మసి పూసి, చింకి నిక్కరు తొడిగారు. దర్శకురాలు విజయశ్రీ ఖైదీలందరినీ కూర్చోబెట్టి, అలాంటి క్యాంపులోనే చనిపోయిన తమ పెద్ద తాత కథ చెప్పింది. ఈ పూట ముద్ద దిగదనుకున్నాడు హనుమాండ్లు. కానీ మధ్యాహ్నం బగారన్నం, మటన్, డబల్ కా మీఠా కనబడేసరికి మూడుసార్లు వడ్డించుకున్నాడు.

ఆ భోజనంతోనే తంటా వచ్చింది. కొన్నాళ్ళకు బట్టలు చూసే సరిత లబోదిబోమంటూ వచ్చింది. "మేడమ్, ఖైదీలకు బొర్రలొస్తున్నయ్!"

మర్నాటి నుంచి ఖైదీలందరికీ మజ్జిగన్నమే. ఎంత తిన్నా ఒక్క ఎముకా దాగని హనుమాండ్లుకు మాత్రం మినహాయింపు. ఆయన పాకల వెనక్కి వెళ్ళి తోటి ఖైదీలకు ముక్కలు పంచేవాడు.

ఆ ఎముకల కోసమే విజయశ్రీ ఆయన్ను ముందు వరుసలోకి తెచ్చింది. పిడికెడు అన్నం దొరికిన ఖైదీ ముఖం దగ్గరగా చూపించాలి. ఎన్ని టేకులు తీసినా ఆయన కళ్ళు నవ్వుతూనే ఉన్నాయి.

"మామా, మీరు ఆకలితో ఉన్నారు. గుర్తుందా?"

"గట్లనే అనుకుంటున్న బిడ్డా. గనీ మస్తు ఖుషీగున్నది. జిందగీల నా బక్క ఒంటి బొక్కలను మెచ్చుకున్నోళ్ళు మీరే."

విజయశ్రీకి నవ్వాగలేదు. కాసేపు ఆలోచించి కెమెరాను ఆయన వెనక్కి పెట్టించింది. ఎండలో గిన్నె ముందు వంగి, ఆబగా తింటున్న మనిషి వీపు. ముద్ద ముద్దకూ రెక్కల ఎముకలు లేచి పడుతున్నాయి. కట్ చెప్పాక విజయశ్రీ కళ్ళు తుడుచుకుంది.

సినిమా ఉప్పల్‌లో ఆడిన మొదటి రోజే వాడకట్టంతా కదిలి వెళ్ళింది. సగం సినిమా అయినా ఆయన జాడ లేదు. ఉప్పలమ్మ సీట్లో అటూ ఇటూ కదులుతోంది. అంతలో తెర నిండా వీపు కనబడింది.

"అగో! గా ఎన్నుపూస మా ఆయనదే!" అని సీట్లోంచి లేచి అరిచింది. హాలంతా ఈలలు. ముందు వరుసలో కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్న ఒకావిడ వెనక్కి తిరిగి, ఏడుపులోనే నవ్వేసింది.

ఆట వదిలాక జనం ఫోన్లు పట్టుకుని చుట్టుముట్టారు. "అన్నా, జర అటు మర్లు, వీపు తీసుకుంటం" అన్నారు. హనుమాండ్లు బుద్ధిగా మళ్ళాడు. ఉప్పలమ్మ ఆయన భుజాలు పట్టి గిర్రున ఇటు తిప్పింది.

"ముఖం గూడ తియ్యిన్రి. బాగనే ఉంటది."