నాయన జీపుకు డీజిల్ ఇంజను వేయించిన ఏడాది

మా చిన్నప్పుడు... ఒక పొద్దున లేచి బయటికొస్తే, జీపు ఇంజను గాల్లో వేలాడుతోంది.

వాకిట్లో మూడు దుంగల్ని పైన కలిపి కట్టి, నడుమ గొలుసు కప్పీ తగిలించారు. దానికి పాత పెట్రోలు ఇంజను. ఎవరూ తాకకుండానే మెల్లగా అటు తిరిగి, ఇటు తిరిగి... ఖాళీ అయిన జీపు మూతి తెరుచుకుని పైకి చూస్తున్నట్టు ఉండింది.

ఆళ్లగడ్డ పక్కన మా ఊరు. నాయన ఆ జీపులో చుట్టుపక్కల పల్లెలకు మనుషుల్ని తిప్పేవాడు. వేలంలో కొన్న పాత బండి. వచ్చిందంతా పెట్రోలుకే పోయేది. అమ్మేద్దామా, డీజిల్ ఇంజను వేయిద్దామా... ఆ ఏడంతా ఇంట్లో ఇదే మాట. చివరికి నంద్యాల నుంచి మస్తాన్ అనే మెకానిక్, పాత వ్యానులోంచి తీసిన డీజిల్ ఇంజనుతో వచ్చాడు.

అమ్మకు జీపుతో పని ఒక్కటే. అది ఆమెను పుట్టింటికి చేర్చాలి.

ఆ ఊరు కుందూ ఏటి వైపు, నల్లరేగడి చేల నడుమ. తారు రోడ్డు మలుపు దగ్గర వదిలితే అంతా మట్టిదారే. వాన పడిందంటే బస్సు రాదు, ఎద్దులబండి ఇరుసు దాకా దిగబడుతుంది. మా పెట్రోలు జీపు తేలిక. నాలుగు చక్రాలూ లాగే గేరు వేసి, నాయన దాన్ని బురద మీద జారిస్తూ తీసుకుపోయేవాడు. వెనక సంచుల మీద పడుకుని, ఆ ఊపుకు నేను నిద్రపోయేదాన్ని...

ఆ శ్రావణంలో మా మామకు తొలి కొడుకు పుట్టాడు. మా అత్తదీ అదే ఊరు కాబట్టి బిడ్డను ఊయల్లో వేసే వేడుక అక్కడే. వేయాల్సింది మేనత్త, అంటే మా అమ్మ. ఊయల కూడా తానే తెస్తానని మాటిచ్చి, టేకుతో చేయించి పెట్టుకుంది.

వేడుకకు ముందురోజే మస్తాన్ పని ముగించాడు. ఇంజను ఆన్ చేస్తే నల్లటి పొగ, డగడగ మోత. అటక మీద గిన్నెలన్నీ గలగలలాడాయి. పక్కింటి పెద్దాయన బయటికొచ్చి, "ఏమప్పా, జీపు బాగు చేయిస్తాండావా, పిండిమిషను పెడతాండావా?" అన్నాడు.

మస్తాన్ బానెట్ మీద చరిచాడు. "దున్నపోతు గుండె పెట్టినానప్పా! కొండెక్కమన్నా ఎక్కుతాది."

అమ్మ అరుగు మీదనుంచే అడిగింది. "గుండె దున్నపోతుదే మస్తానన్నా. కాళ్లు ఆ పాత కాళ్లే గదా?"

"ముందర బరువు మోసేదానికి ఇంకో కమాను పట్టీ ఏసినాలేమ్మా. ఏం కాదు, పో."

ఆ రాత్రంతా వాన.

పొద్దున్నే బయలుదేరాం. తారు రోడ్డు మీద జీపు ఎంత బాగా పోయిందో... నాయన ఈల వేసుకుంటూ నడిపాడు. మలుపు తిరిగి మట్టిదారిలో కొంచెం దూరం పోయామో లేదో, కొత్త ఇంజను బరువుకు జీపు మూతి కిందికి వంగింది. ముందు చక్రాలు రేగడిలోకి కూరుకుపోతున్నాయి. నాయన గట్టిగా తొక్కాడు. ఇంజను అరిచింది. బండి ఇంకొంచెం దిగింది.

"ఇంగ తొక్కొద్దప్పా. బాయి తవ్వుతాండావు," అంది అమ్మ.

నాయన స్టీరింగు వదల్లేదు. "ఊళ్లోకి పోయి రెండు జతల ఎద్దుల్ని తెస్తా. ఈడ్నే ఉండుమే."

"నువ్వొచ్చేసరికి ఆ పిల్లోడు పెండ్లికొస్తాడు."

చీర కుచ్చెళ్లు పైకి దోపి, చెప్పులు జీపులోనే వదిలి అమ్మ దిగేసింది. వెనక్కి చూడకుండా నడుస్తోంది. నేను పావడ పట్టుకుని దూకాను.

కొత్త ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. నాయన దాన్ని ఆపేశాడు... వెనక నుంచి ఊయల దించి, తలమీద బోర్లించుకుని మా వెంట వచ్చాడు.

ఆ మోత ఆగిపోయాక వినబడిన నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తే. కప్పలు... జొన్న ఆకుల మీద నుంచి జారే నీళ్లు... దూరంగా చేల మీద తెల్లగా మంచులాంటిది. అడుగేస్తే కాళ్లకు మట్టి అట్టలు కట్టి, నేనే కొంచెం పొడుగైనట్టు ఉండేది. ముందు అమ్మ. వెనక, ముఖం కనబడని నాయన. ఒక ఊయల నడిచి వస్తున్నట్టు.

ఊరు కనబడ్డాక అమ్మ ఆగి, కొంగుతో నాయన మెడ మీది చెమట తుడిచింది. అంతే.

వాకిట్లో మా మామ ఎదురొచ్చాడు. "ఏం బావా, జీపేదీ?"

"ఆడ పండుకోని ఉండాది," అన్నాడు నాయన.

అందరూ నవ్వారు. అమ్మ కాళ్లు కడుక్కుని నేరుగా లోపలికి పోయి, బిడ్డను అందుకుంది. ముహూర్తానికి ముందే ఊయల దూలానికి వేలాడింది.

మరుసటి రోజు ఎద్దులు కట్టి జీపును లాగారు. ఆ డీజిల్ ఇంజనును నాయన తీసేయలేదు. మేము చదువుకున్నది దాని సంపాదనతోనే. కానీ ఆ తర్వాత ఏ వానాకాలమూ జీపు రేగడిలో దిగలేదు. మలుపు దగ్గర ఆపేవాడు. అక్కడినుంచి అమ్మా, నాయనా నడిచేవాళ్లు. మామూలుగా ఇంట్లో ముక్తసరిగా మాట్లాడుకునే మనుషులు... ఆ దారిలో మాత్రం ఏవేవో చెప్పుకునేవాళ్లు. వెనక నడిచే నాకు సగం వినబడేది.

ఇప్పుడు ఊరి నడిబొడ్డు దాకా సిమెంటు రోడ్డు. ఎంత వానైనా కారు దిగకుండానే ఇంట్లోకి పోవచ్చు. మంచిదే. మొన్న పోయినప్పుడు, ఆ మలుపు దాటిపోయిందని ఊరొచ్చాక గానీ నాకు తెలియలేదు...

మీకూ వానాకాలంలో బండి ఆగిపోయే చోటు ఒకటి ఉండేదా? అక్కడినుంచి ఎవరితో నడిచేవారు?