సంతకం పడని ఏడు నేసిన చాప

లెసియేలి మొగలి ఆకు చీలికను గవ్వతో గీసి మెత్తబరిచి, నడుముచాప అంచులోకి దూర్చింది. వేళ్లు పగిలి మండుతున్నా అల్లిక వంకర పోలేదు. ఆ ఆకు చనిపోయిన తండ్రి పెంచిన తోటలోది. కొడుకుల్లేని తండ్రి నేల కూతురికి దక్కాలని పార్లమెంటు చట్టం చేసింది. రాజుగారు దాని మీద సంతకం పెట్టలేదు, అందుకే అది చెల్లలేదు. వచ్చేవారం బాబాయి కొడుకు వారసుడిగా ఆ తోటలోకి దిగుతాడు.

ఆ చట్టం తెచ్చిన సభ్యుడు సియోసిఫా ఆమెకు వరసకు మేనల్లుడు. రేపు రాజధాని నుకుఅలోఫాలో రాజుగారు వచ్చే పార్లమెంటు ముగింపు సభలో మర్యాదగా నడుముకు చుట్టుకోవాల్సిన ఆ చాప తీసుకెళ్లడానికి వచ్చాడు.

"ఇది వద్దత్తా. చావింట్లో కట్టే చిరుగుచాప కట్టుకుని ఆయన ఎదుట నిలబడతా."

"ఆహా, మహావీరుడివి! అందరూ నీ నడుము చూసి నవ్వుకుంటారు. వచ్చే ఏడు మళ్లీ అదే చట్టం పట్టుకెళ్లాల్సింది నువ్వే కదరా?"

"అప్పటికి నీ తోట ఉండదుగా."

"నాది పోయిందిలే. ఊళ్లో ఆడపిల్లని నేనొక్కదాన్నేనా?"

మేనత్త మాట దాటే మగాడు ఆ దీవుల్లో లేడు. సియోసిఫా తల దించుకున్నాడు. ఆమె చివరి చీలికను పంటితో కొరికి తెంపింది. తోట వాసన ఇంకా పోని ఆ చాపను ఒకసారి ముఖానికి ఆనించుకుని, మడిచి, అతని చేతుల్లో పెట్టింది.