తలుపు దగ్గర అరకప్పు

వేల్స్‌లో మా ఊరు రిడ్‌వెన్ నుంచి ముగ్గురు చర్చి బోధకులు, ఒక కవి, ఒక పార్లమెంటు సభ్యుడు జీవిత చరిత్రల్లోకి ఎక్కారు. ఐదు పుస్తకాలూ మా ఇంట్లో ఉన్నాయి. ఏది తెరిచినా మొదటి పేజీలో గడ్డం, ఆ తర్వాత నాలుగు వందల పేజీల మంచితనం. మా లౌరి పెద్దమ్మ మీద మాత్రం ఎవరూ పుస్తకం రాయలేదు. ఆ ముగ్గురు బోధకుల నల్లకోట్లకూ మాసికలు వేసింది ఆవిడే. ఎవరి కోటు ఎక్కడ అరిగేదో, ఎవరు బల్ల గుద్ది ప్రసంగించేవారో, ఎవరు ఊరికే జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడేవారో ఆవిడకు తెలిసినంత ఆ పుస్తకాలు రాసినవాళ్ళకు తెలియదు. అందుకని ఈ నాలుగు ముక్కలూ నేనే రాస్తున్నాను.

పెద్దమ్మ బట్టలు కుట్టేది. పెళ్ళి చేసుకోలేదు. నోటి నిండా గుండుసూదులు పెట్టుకుని పని చేసేది కాబట్టి మాట్లాడటం తక్కువ, వినడం ఎక్కువ. కొలతలకు వచ్చిన ఆడవాళ్ళు నోరు మూసుకుని నిలబడరు కదా! వాళ్ళ మాటల్లో పాత వెల్ష్ పదం ఏదైనా దొర్లిందంటే పెద్దమ్మ సూదులన్నీ తీసి పక్కన పెట్టేది. తన గౌను చేతి మడతలోంచి ఒక అట్టముక్క, పెన్సిలు తీసి రాసుకునేది. సగం కుట్టిన గౌనుతో ఆ మనిషి అలాగే నిలబడి ఉండాల్సిందే.

ఈ పిచ్చి అంటించింది డాక్టర్ ఇథెల్ ప్రొబర్ట్ అనే పండితుడు. సముద్రం ఒడ్డున కాలేజీలో కూర్చుని మా భాషకు పెద్ద నిఘంటువు తయారు చేస్తున్నాడాయన. ఒక చలికాలం మా ఊరొచ్చి, "మీ అమ్మమ్మల మాటల్ని మీతోపాటు మట్టిలోకి పోనివ్వకండి" అని ఉపన్యాసం ఇచ్చి, ఇంటింటికీ అట్టముక్కలు పంచి వెళ్ళాడు. ఊరంతా తీసుకుంది. పొయ్యి రాజేసుకోవడానికి బాగా పనికొచ్చాయి. పెద్దమ్మ ఒక్కతే పద్నాలుగు వందల మాటలు రాసి పంపింది.

అందులో ఒక్కటి తిరిగొచ్చింది. ఆ మాట కిల్‌బానెడ్. వచ్చిన మనిషి ఇక వెళ్తానని లేచి, తలుపు గడియ మీద చెయ్యి వేశాక, పంపబుద్ధి కాక ఇంకో అరకప్పు టీ పోస్తాం చూడండి, నిలబడే తాగేది, అదన్నమాట. కొండ అవతలి నుంచి కాపురానికొచ్చిన మా అమ్మమ్మ నోట తప్ప ఊళ్ళో ఎవరూ వినలేదు. డాక్టర్ గారు మర్యాదగానే రాశాడు. మాట చాలా బాగుంది, కానీ మీరొక్కరే చెబితే చాలదు, ఇంకొకరి నోట వినాలి, అదీ మీరు అడక్కుండా, అందించకుండా, వాళ్ళంతట వాళ్ళు అనాలి అని.

అమ్మమ్మ పోయింది. ఆమె పుట్టింటి వాళ్ళూ పోయారు. లోకంలో ఆ మాట తెలిసిన రెండో నోరు మా అమ్మది. మా అమ్మ బెట్సన్, పెద్దమ్మకు సొంత చెల్లెలు. ఇద్దరికీ అప్పటికి ఇరవై మూడేళ్ళుగా మాటల్లేవు.

కారణం హార్మోనియం. హోరేబు చర్చికి హార్మోనియం కొందామా వద్దా అని 1931లో చేతులెత్తించారు. కొంటే వాయించేది మా అమ్మే. అందుకోసం ఆవిడ రెండేళ్ళు నేర్చుకుంది. అలాంటిది, దేవుడి పాటకు గొంతు చాలు, పెట్టె ఎందుకని పెద్దమ్మ అందరి ముందూ వద్దని చెయ్యెత్తింది. ఒక్క చెయ్యి తేడాతో హార్మోనియం పోయింది. కావాలన్నవాళ్ళంతా బయటికొచ్చి, రోడ్డుకు ఆ పక్కన షాలేము చర్చి కట్టుకున్నారు. ఆదివారాలు అక్కాచెల్లెళ్ళు ఎదురెదురు గుమ్మాల్లోకి, ఒకరినొకరు చూడకుండా వెళ్ళేవారు. ఇంత పంతం దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇద్దరి మీదా నాకు ఇప్పటికీ కోపమే.

అలాంటి పెద్దమ్మ 1954లో ఒక గురువారం మధ్యాహ్నం మా తలుపు తట్టింది. అమ్మ తీసింది. నాకు పద్దెనిమిదేళ్ళు. పొయ్యి దగ్గర రొట్టెలు తిప్పుతున్నదాన్ని అలాగే ఉండిపోయాను.

"ఏమే, బాగున్నావా?" అంది పెద్దమ్మ.

"బాగున్నాం. దారి తప్పావా అక్కా? మీ హోరేబు ఆ పక్క."

"నెస్టా పెద్దదైంది కదా, గౌను కుడదామని వచ్చాను."

"ఇరవై మూడేళ్ళకు గుర్తొచ్చామన్నమాట. రా, వాకిట్లో నిలబడి చలి లోపలికి రానివ్వకు."

పెద్దమ్మ నా కొలతలు తీసింది. కొలిచిన భుజమే మూడుసార్లు కొలిచింది. టీ తాగింది, ఎండుద్రాక్ష రొట్టె తింది, వానల గురించి మాట్లాడింది. చివరికి లేచి గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. అమ్మ ఆవిడ వైపు ఒక్క క్షణం చూసింది. టీ కుండ ఎత్తి అరకప్పు పోసి చేతికిచ్చింది.

"ఇదేంటే, మళ్ళీ?" అంది పెద్దమ్మ. రెండో చెయ్యి అప్పటికే గౌను మడతలో ఉంది.

"టీ," అంది అమ్మ.

పెద్దమ్మ మొహం చూడాలి! నిలబడే తాగి వెళ్ళిపోయింది. పై గురువారం చేతులు కుదిరాయో లేదో చూస్తానని వచ్చింది. ఆ పై వారం అంచు మడవడానికి. నాకు మూడు గౌన్లు, మా నాన్నకు మూడు చొక్కాలు అయ్యాయి. కుట్టడానికి మనుషులు చాలక దిండ్లకు దిగింది. ప్రతిసారీ గడియ దగ్గర ఆగడం, అమ్మ అరకప్పు పోయడం. "ఇదుగో" అనేది, "పట్టు" అనేది, "నోరు కాలుతుంది చూసుకో" అనేది. ఆ ఒక్క మాటా తప్ప అన్నీ అనేది. మా నాన్న టెక్విన్ గొర్రెల దగ్గర్నుంచి వస్తూనే, "మీ పెద్దమ్మ వెళ్ళిందా, ఇంకా వెళ్తూనే ఉందా?" అని అడిగేవాడు.

అలా ఏడాది దాటాక ఒకరోజు నేను ఉండబట్టలేక అడిగేశాను. "అమ్మా, ఆ అరకప్పునేమంటారో నీకు నిజంగా గుర్తు లేదా?"

"ఎందుకు లేదు? మా అమ్మ మాట నాకు గుర్తుండదా?"

"మరి అనొచ్చు కదా! పాపం, ఆవిడ ఆ అట్టముక్క పట్టుకుని..."

"చూశాలే. మొదటి రోజే చూశాను పెన్సిలు." అమ్మ కప్పులు కడుగుతూ వెనక్కి తిరగలేదు. "అన్నాననుకో, రాసుకుంటుంది. రాసుకుని వెళ్ళిపోతుంది. ఆ పై గురువారం ఎందుకొస్తుందే?"

నేను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. డాక్టర్ గారు ప్రతి కొత్త సంవత్సరానికీ ఉత్తరం రాసేవాడు, రెండో సాక్షి దొరికారా అని. ప్రయత్నిస్తున్నానని పెద్దమ్మ జవాబిచ్చేది. ఆ ఉత్తరాల సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఈలోగా అక్కాచెల్లెళ్ళు హార్మోనియం సంగతి తప్ప అన్నీ మాట్లాడుకున్నారు. వాళ్ళమ్మ పాటలు, చిన్నప్పుడు వాగులో పోగొట్టుకున్న చెప్పు, ఎవరిది తప్పో తేలని పాత తగవులు. నవ్వి నవ్వి పెద్దమ్మ నోట్లో సూదులు పెట్టుకోవడం మానేసింది. ఆ గురువారాల్లాంటి మధ్యాహ్నాలు నా జీవితంలో మళ్ళీ రాలేదు.

పదకొండేళ్ళు గడిచాయి. ఆ ఏడు ఫిబ్రవరిలో ఒక గురువారం పెద్దమ్మ రాలేదు. ఊపిరి ఆడక మంచాన పడిందని కబురొచ్చింది. అమ్మ వెంటనే కోటు వేసుకుంది. ముప్పై నాలుగేళ్ళుగా అడుగు పెట్టని గుమ్మం ఎక్కింది. నేను వెనకే వెళ్ళాను. పెద్దమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. చిక్కిపోయింది. అమ్మ టీ కాచి, ఆవిడకు తాగించి, తాను తాగి, దుప్పటి సర్ది, చీకటి పడుతుంటే లేచింది. గడియ మీద చెయ్యి వేసింది. వేసి, అక్కడే ఆగిపోయింది.

"అక్కా," అంది, "నాకు కిల్‌బానెడ్ పోయవా?"

మంచం పక్క బల్ల మీద అట్టముక్క, పెన్సిలు చేతికందేంత దగ్గర్లో ఉన్నాయి. పెద్దమ్మ వాటి వైపు చూడలేదు.

"రాసుకో," అంది అమ్మ. "నువ్వు అడగలేదు. నేనే అన్నాను. నెస్టా వింది. రాసుకో అక్కా."

"కుండలో ఇంకా ఉంది. పోసుకో, చల్లారిపోతుంది."

"రాసుకోమంటుంటే!"

"రేపు రాసుకుంటాలేవే," అంది పెద్దమ్మ. "ఇవాళ రాసేసుకుంటే రేపు నువ్వు రావు."

అమ్మ ఇన్నేళ్ళూ తానొక్కతే నాటకం ఆడుతున్నాననుకుంది పాపం. అరకప్పు పోసుకుని తలుపు దగ్గరే నిలబడి తాగింది. ఏడుస్తూ తాగింది.

ఆ తర్వాత పెద్దమ్మ తొమ్మిది రోజులు బతికింది. తొమ్మిది రోజులూ అమ్మ వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ లేచేముందు ఆ మాట అంది. రేపు అంది పెద్దమ్మ.

చాలా ఏళ్ళకు నిఘంటువులో ఆ మాట మొదటి అక్షరం ఉన్న సంపుటం అచ్చయి వచ్చింది. అమ్మకప్పటికి చూపు ఆనడం లేదు, నన్నే వెతకమంది. రెండుసార్లు వెతికాను. లేదని చెప్పాను.

"ఎలా ఉంటుంది?" అంది అమ్మ. "మేము ఇవ్వలేదుగా."