హఫూఫ్ దారిలో రాయచోటి ఫొటోలు

శుక్రవారం ఉదయం ఐదున్నరకు అల్ ఖోబర్ అజీజియాలోని నా గది నుంచి బయలుదేరాం. కారు నాది, స్టీరింగ్ మస్తాన్‌ది. మస్తాన్ మా రాయచోటి వాడే, ఇక్కడ ఒక సౌదీ ఇంట్లో డ్రైవరు. వారమంతా యజమాని కారు, ఇక్కడి మాటలో కఫీల్ కారు, నడిపి, సెలవు రోజున ఇంకొకరి కారు నడపకపోతే అతనికి తోచదు. పోయేది నూట యాభై కిలోమీటర్ల దూరంలోని హఫూఫ్‌కు. పని, రాయచోటిని ఫొటోలు తీయడం.

నవ్వకండి, చెబుతాను. ఆ సాయంత్రం ఆరింటికి ఇక్కడి తెలుగువాళ్ల కార్యక్రమం. ఒక్కో ప్రాంతానికి పది నిమిషాలు. తెర మీద సొంతూరి ఫొటోలు, వెనక సొంతూరి సంగీతం. నెల క్రితమే ధీమాగా పేరిచ్చాను. పోయిన సెలవులో తీసిన ఫొటోలన్నీ ఫోన్‌తో సహా నీళ్ల డ్రమ్ములో మునిగిపోయాయని చెప్పడానికి నోరు రాలేదు. బావమరిదిని అడిగితే నలభై ఫొటోలు పంపాడు. అన్నింట్లోనూ నల్లకళ్లద్దాలు పెట్టుకుని వాడే ఉన్నాడు, ఊరు వాడి వెనక ఎక్కడో ఉంది. జాతరలో పలకల మోత, అదే డప్పుల మోత, మాత్రం బ్రహ్మాండంగా రికార్డు చేశాడు. అంటే సంగీతం ఉంది, ఊరు లేదు.

ఫొటోలు లేకపోతే మా పది నిమిషాలు గోదావరి వాళ్లకు పోతాయి. ధహ్రాన్ ఆఫీసులో నా పక్క సీటు సుబ్బరాజు గారిది భీమవరం. “మీ సీమలో ఫొటో తీయడానికేముందండీ, రాళ్లు తప్ప?” అని అప్పటికే రెండుసార్లు పరామర్శించారు. అంతకంటే పెద్ద చిక్కు ఖైరూన్ అక్క. మస్తాన్ పనిచేసే ఇంట్లోనే వంట చేస్తుంది, ఆమెదీ రాయచోటే. ఊరు చూసి మూడేళ్లయింది. సీమ ఫొటోలు వేస్తారని విని మేడమ్‌ను బతిమాలి రెండు గంటలు సెలవు తెచ్చుకుంది. సుబ్బరాజు గారు నవ్వితే పడతాను గాని, ఆమెను ఉత్త తెర చూపించి పంపలేను. దొంగ రాయచోటైనా సరే, సాయంత్రానికి తయారు కావాలి.

ఆరుంపావుకు బుకైక్ దాటాక టీకి ఆగాం. రియాల్‌కు ఒక కప్పు, చిక్కగా ఉంటుంది, తాగవచ్చు. కారులో పలకలు మోగుతూనే ఉన్నాయి. టీ పోసే పాకిస్తానీ పెద్దాయన పెళ్లి ఊరేగింపా అని ఉర్దూలో అడిగాడు. అవునన్నాను. పెళ్లికొడుకు ఎవరన్నాడు. మస్తాన్ సిగ్గుపడి తల వంచుకున్నాడు. మా టీలకు ఆయన డబ్బులు తీసుకోలేదు. తప్పేనని తెలుసు, కానీ అప్పటికే తాగేశాం.

ఏడున్నరకు హఫూఫ్, ఎనిమిదికి ఖారా కొండ. ఎర్రటి గుండ్లు, వాటి మధ్య నెర్రెలు. గుహల లోపలికి టికెట్ ఉంది, బయటి నుంచి చూస్తే ఉచితం. మేం ఉచితంగానే చూశాం. అరబ్బీ బోర్డులు, కరెంటు స్తంభాలు తప్పించి వంగీ, పడుకునీ ఇరవై ఫొటోలు తీశాను. చూస్తే అచ్చం మా గుట్టలే.

తర్వాత గొర్రెల మంద కనబడింది. కాపరి సూడాన్ వాడు. గొర్రెల్ని ఫొటో తీసుకోమన్నాడు గాని తాను మాత్రం పక్కకు తప్పుకోడు, మధ్యలో నిలబడి నవ్వుతాడు. చివరికి అతనికి విడిగా ఒక ఫొటో తీసి, అక్కడికక్కడే అతని ఫోన్‌కు పంపితే గాని మందను మాకు వదల్లేదు.

ఒకే ఒక్క పొరపాటు, తిరుగుదారిలో కాలువ కనబడింది. హఫూఫ్ అంటే ఖర్జూరపు తోటలు, కాలువలు, పచ్చగడ్డి మళ్లు. సీమను వెతుక్కుంటూ వచ్చి కోనసీమలో పడ్డామే అని ఇద్దరం విస్తుపోయాం. “వానొచ్చినప్పుడు మన ఏరు అని పెడదాంలేన్నా,” అన్నాడు మస్తాన్. ఖర్జూరపు తలలు రాకుండా అదీ తీశాను. జుమా నమాజు చేసుకుని, మండీ హోటల్లో కోడి, అన్నం తిని, మూడున్నరకల్లా ఖోబర్ చేరాం.

ఆరింటికి హాలు నిండింది. పలకలు మొదలయ్యాయి. గుట్టలు వచ్చాయి, జనం చప్పట్లు కొట్టారు. కాలువ రాగానే సుబ్బరాజు గారు లేచి నిలబడ్డారు.

“ఇది మా కాలవండీ! ఆ మలుపు దగ్గరే నేను ఈత నేర్చుకున్నాను. మా ఫొటో మీరెలా వేసుకుంటారండీ?”

నేను వినయంగా క్షమాపణ చెప్పాను. పక్కన మస్తాన్ నోట్లో చేతిగుడ్డ కుక్కుకున్నాడు. అంతలో చివరి ఫొటో, గొర్రెల మంద, తెర నిండా వచ్చింది. ఆడవాళ్ల వరుసలోంచి ఖైరూన్ అక్క నింపాదిగా అడిగింది.

“ఏమబ్బీ, మన గొర్రెకు అంత తోక యాడిది?”

హాలంతా తోకల వైపు చూసింది. ఒక్కో గొర్రెకు వెనక చేటంత కొవ్వు తోక వేలాడుతోంది. బోర్డులు తప్పించాం, స్తంభాలు తప్పించాం, దాన్ని మాత్రం ఇద్దరిలో ఒక్కరం కూడా గమనించలేదు. పదకొండేళ్లుగా ఇక్కడి మందలే చూసి చూసి, గొర్రె తోక అంటే అదే అనుకునే స్థితికి వచ్చామన్నమాట. నవ్వులు ఆగలేదు. హఫూఫ్‌లో తీశామని ఒప్పుకోక తప్పలేదు. గొర్రెలు హఫూఫ్‌వైతే కాలువా హఫూఫ్‌దేనని ఎవరో లెక్క తేల్చారు. అందరికంటే ముందు నవ్వాల్సిన సుబ్బరాజు గారు కుర్చీలో కూలబడి నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉండిపోయారు. నాకూ ఆయన మీద గెలిచిన సంతోషం ఎక్కువసేపు నిలవలేదు.

ఎనిమిదికి అక్కను దిగబెట్టడానికి బయలుదేరాం. అక్క వెనక సీట్లోంచి కిటికీ బయటికే చూస్తోంది. నేను తట్టుకోలేక, “మోసం చేశాం, తప్పయిందక్కా,” అన్నాను. ఆమె ఆ పలకలు మళ్లీ పెట్టమంది. పెట్టాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, మన గొర్రె తోక ఎంతుంటుందో చూపించమని అడిగింది. మస్తాన్ స్టీరింగ్ వదిలి మూరెడు చూపించాడు, నేను జానెడు చూపించాను. “బెత్తెడు కూడా ఉండదు, మీ ఇద్దర్నీ ఊరికి తోలాల,” అని నవ్వింది. ఆ నవ్వు విన్నాకే నా ప్రాణం కుదుటపడింది. పొద్దుటి నుంచి మూడు వందల కిలోమీటర్లు తిరిగినా ఊరు దొరికింది ఆ సిగ్నల్ దగ్గరే.

ఆమె పనిచేసే ఇంటి గేటు ముందు మస్తాన్ కారు ఆపాడు. పలకలు తగ్గించబోతే వద్దంది.

“ఆ మంద ఫొటో నాకు పంపబ్బీ. ఆ దేశమంతా ఉత్త ఇసకేనంట కదా, ఎట్లుండావో ఏమో అని మా చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తాది. ఈడ గూడా గుట్టలుండాయి, గొర్రెలుండాయి, మన రాయచోటి మాదిరే ఉండాదని పంపుతా.”

సరేనన్నాను. దిగి నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి కిటికీలోకి వంగింది.

“తోకలు మాత్రం కత్తిరించి పంపు.”