ఆడ డాక్టరుకు పనేముంటుందన్నారు

మా పిన్ని శుక్రవారం పొద్దున్న ఏలూరులో పోయింది. సంతాపసభలో అందరూ ఆమెను సేవామూర్తి అన్నారు. నేనొప్పుకోను. ఊరికే సేవ చేస్తానంటే ఆమెను కాదన్నదెవరు? ఆమె అడిగింది ఉద్యోగం. జీతం, కుర్చీ ఉన్న ఉద్యోగం. గొడవంతా దానికే.

మద్రాసులో ఎల్.ఎం.పి. డాక్టరు పరీక్ష ప్యాసై వచ్చిన ఏడు కాలువగట్టు మీది ఆసుపత్రికి దరఖాస్తు పెట్టింది. తోడు నేను వెళ్లాను. కమిటీ పెద్దాయన మర్యాదస్తుడు. కాఫీ ఇప్పించి మరీ కాదన్నాడు.

"మా దగ్గరికి ఆడరోగులే రారు కదండీ, మీకు పనేముంటుంది?" అంటూ రిజిస్టరు తిప్పి చూపించాడు.

అందులో అబద్ధం లేదు. మన పద్ధతి అలాంటిది మరి! భార్యకు జబ్బు చేస్తే భర్త వెళ్లి ఆమె బాధ చెప్పేవాడు. రిజిస్టరులో ఆయన పేరే ఎక్కేది, మందుసీసా ఆయన చేతికే వచ్చేది. కడుపులో కణితి ఉన్న ఇల్లాలికి అజీర్ణం మందు తాగించి, సాయంత్రం స్త్రీవిద్య అనర్థమని ఉపన్యసించిన ఘనులు నాకు తెలుసు.

పిన్ని వాదించలేదు. ఆ పని నాకు వదిలేసి, పడవెక్కి కొల్లేటి లంకలకు వెళ్లింది. రెండేళ్లు గుడిసె గుడిసెకూ తిరిగింది.

"డాక్టరుకు పని నొప్పి ఉన్నచోట ఉంటుందిరా. ఉద్యోగమేమో ఆసుపత్రిలో ఉంటుంది. ఆ రెంటినీ ఒకచోటికి చేర్చాలి" అనేది. నయమైన ప్రతి ఆడమనిషికీ ఒకటే చెప్పేది: ఈసారి ఆసుపత్రికి నువ్వే వెళ్లు, నీ పేరే రాయించు.

ఒక సోమవారం మూడు పడవల నిండా ఆడవాళ్లు వచ్చి ఆసుపత్రి వసారాలో కూర్చున్నారు. కాంపౌండరు కంగారుపడి మగవాళ్లను పిలుచుకు రమ్మన్నాడు.

"నొప్పి నాదండీ. మా ఆయన్నడిగితే చేపల సంగతి చెబుతాడు" అంది ఒక ముసలమ్మ.

పేర్లు రాయక తప్పలేదు. మగ డాక్టరు చూస్తానంటే వాళ్లు ససేమిరా అన్నారు. మర్నాడు వెళ్లిపోయి, మరుసటి సోమవారం మళ్లీ వచ్చారు. ఆ పై సోమవారమూ వచ్చారు. ఆ వారమే పిన్నికి ఆర్డరు అందింది.

"ఇంతమంది ఉన్నారని ముందే చెప్పొచ్చు కదండీ" అని పెద్దాయన నొచ్చుకున్నాడు.

"నేను చెబితే వినేవారు కాదండీ. అందుకే మీ రిజిస్టరు చేత చెప్పించాను" అంది పిన్ని.

ఇప్పుడా కుర్చీలో ఉన్న లేడీ డాక్టరు దహనానికి రాలేదని మా బంధువులు తప్పుపట్టారు. ఆ మాటే అడుగుదామని శనివారం ఆసుపత్రికి వెళ్లాను. ఆమె నన్ను చూసి తలాడించి, స్టెతస్కోపు చెవులకు పెట్టుకుని మళ్లీ పనిలో పడింది. నేను గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను. గదిలోంచి వసారా చివరిదాకా ఆడవాళ్లే, గోడవెంబడి కాళ్లు చాపుకుని. పాదాలమీద ఇంకా ఆరని కొల్లేటి బురద.