తాతకు చేరని మాట

ఒక మనిషికి చేరవలసిన మాట ఏడేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. చేర్చమని అప్పగించిన మనిషి లేదు. అందుకోవలసిన మనిషీ లేడు. మధ్యలో నేను మిగిలాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకే మీతో చెప్పగలననిపిస్తోంది.

నేను గరివిడిలో పెరిగాను. నాన్న అక్కడ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అమ్మా నాన్నా మాట్లాడుకుంటే పోట్లాట, మాట్లాడుకోకపోతే అంతకంటే భయం. సెలవులిస్తే చాలు, రాజాం దగ్గర మా అమ్మమ్మ ఊరికి పారిపోయేదాన్ని.

అక్కడ ఇల్లంతా వేరేగా ఉండేది. అమ్మమ్మకు కీళ్లవాతంతో చేతులు పైకి లేవకుండా పోయాక, తాతే ఆమెకు తల దువ్వేవాడు. వీధి అరుగు మీద, అందరి ముందూ. చిక్కు తీసి, నూనె రాసి, వంకరగా ఒక ముడి పెట్టేవాడు. దారిన పోయేవాళ్లు నవ్వితే, "నా పెళ్లాం తల. మీకేటి?" అనేవాడు. అమ్మమ్మ సిగ్గుపడేది కాదు. "ముడి వదులైపోతంది మావా, గట్టిగా ఎట్టు" అనేది. తాతకు చూపు మందగించిందని చేప ముక్కలో ముళ్లన్నీ ఏరి ఆయన కంచంలో పెట్టేది.

వాళ్లిద్దరి మధ్యా గట్టి మాట ఒక్కటైనా నేను వినలేదు. పెళ్లంటే బాగుంటుందని నమ్మడానికి నాకున్న ఆధారం వాళ్లే. తాత తల దువ్వుతున్న ఫొటో ఫోన్లో పెడితే ఎక్కడెక్కడివాళ్లో మెచ్చుకున్నారు. నాకు సంబంధం కుదిరినప్పుడు ఆ అబ్బాయితో మొదట చెప్పింది కూడా వాళ్ల గురించే. మనం వాళ్లలా ఉండాలన్నాను. వాళ్లెలా ఉన్నారో నాకు నిజంగా తెలుసా? అప్పుడు నన్ను నేను అడగలేదు.

అదే ఏడాది అమ్మమ్మకు గుండె జబ్బు ముదిరింది. విజయనగరంలో ఆసుపత్రిలో చేర్చాం. ఒక మధ్యాహ్నం తాత టీ తాగడానికి కిందికి వెళ్లినప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది. గొంతు సన్నగా ఉంది కాని మాట తడబడలేదు.

"మీ తాతకి ఒక ఊసు సెప్పమ్మీ. ఆ ఊడుపుల రోజు సంగతి నానెప్పుడో ఒగ్గీసినానని సెప్పు. ఎదురుగా సెబుదామంటే నోట రానేదు. ఇంక మొయ్యొద్దను."

మా వైపు వరినాట్లను ఊడుపులంటారు, వదిలేయడాన్ని ఒగ్గేయడమంటారు. ఏమిటా రోజని అడిగాను. ఆమె కళ్లు మూసుకుంది. ఆ సాయంత్రమే స్పృహ తప్పింది. మళ్లీ రాలేదు.

ఆమె పోయాక ఇల్లంతా చుట్టాలు. వచ్చినవాళ్లందరికీ నేనే చెబుతున్నాను, వాళ్లు ఒక్కనాడూ పోట్లాడుకోలేదని. చెబుతుంటే ఏడుపూ వచ్చేది, లోపల ఒక గొప్పా ఉండేది. ఆ గొప్ప సంగతి ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. అమ్మమ్మ అప్పగించిన మాట మాత్రం ఆ కథలో ఇమడలేదు. ఒగ్గేయడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. వాళ్ల మధ్య అలాంటిదేదీ ఉండకూడదని నేను కోరుకున్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు తాత నన్ను అరుగు మీదికి పిలిచాడు.

"అమ్మీ, ఆకర్న పక్కనున్నది నువ్వే కదా. నాకేటైనా సెప్పమన్నాదా?"

"నిన్ను జాగ్రత్తగా చూసుకోమంది తాతా. మళ్లీ జన్మకు కూడా నువ్వే కావాలంది."

అప్పటికప్పుడు అల్లిన మాట అది. ఎలా వచ్చిందో నా నోటికి, అంత నున్నగా.

తాత నా వైపు ఒంగాడు. "ఇంకేటీ అన్నేదా? పాత ఊసులేటైనా?"

"లేదు తాతా."

"సర్లే. మంచి మాటే సెప్పినాది," అని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఆయన అడిగింది ఆ ఒక్క మాట కోసమే. ఊడుపుల సంగతి నాకు తెలియదని సరిపెట్టుకోవచ్చా? ఆ రోజుకు సరిపెట్టుకోవచ్చేమో. తరవాతిదానికి ఆ వంక కూడా లేదు.

ఏడాది తిరిగాక ఒకసారి పిన్నిని మామూలుగా అడిగినట్టు అడిగాను, ఊడుపుల రోజు ఏం జరిగిందని. అమ్మ చెల్లెలు ఆమె, ఊళ్లోనే ఉంటుంది. తాతతో అనొద్దని చెప్పి మొదలుపెట్టింది. మా అమ్మ కంటే ముందు వాళ్లకొక ఆడపిల్ల. మూడేళ్లది. ఊడుపుల నాడు ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. రాజాం తీసుకెళ్దామని అమ్మమ్మ పొలం గట్టు మీదికొచ్చి అడిగింది. చేలో నీరుంది, కూలీలు దిగి ఉన్నారు. ఇవాళ ఊడుపు అయిపోనీ, పొద్దున్నే వెళ్దామన్నాడు తాత. తెల్లారేసరికి పిల్ల లేదు. ఆ ఏడు పంట కోతకొచ్చేదాకా అమ్మమ్మ ఆయనతో మాట్లాడలేదట. మాట్లాడడం మొదలుపెట్టాక ఆ సంగతి మళ్లీ ఎత్తలేదట. ఆయనా ఎత్తలేదు.

అప్పటికి తాత బతికే ఉన్నాడు. గరివిడి నుంచి ఎంతో దూరం కాదు. నేను చెప్పాలనే వెళ్లాను కూడా. దారంతా మాటలు కూర్చుకున్నాను. వెళ్లేసరికి ఆయన పక్కింటాయనతో అంటున్నాడు: "మళ్లీ జన్మకీ నానే కావాలన్నాదట." నన్ను చూసి, "ఇదిగో, దీంతోనే సెప్పినాది" అన్నాడు. ఆయన ముఖం వెలిగింది. ఇప్పుడు నిజం చెబితే ఆ వెలుగు కూడా లాక్కున్నట్టవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. టీ తాగి వచ్చేశాను. ఆయన మీద దయతోనే ఊరుకున్నానని చాలాకాలం అనుకున్నాను. కాదు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని ఆయన అడుగుతాడు. భయపడ్డాను, అంతే. ఆ తరవాత వెళ్లిన ప్రతిసారీ వేరే కబుర్లు చెప్పాను. మరుసటి వర్షాకాలం ఆయన పోయాడు.

నాకు పెళ్లయింది. ఒక పాప. మా ఆయనతో చిన్నచిన్న తగవులున్నాయి, కోపం చల్లారడానికి రోజులు పడుతుంది. పోట్లాడని పెళ్లి కంటే, అంత దుఃఖం తరవాత కూడా ఒకరి తల ఒకరు దువ్వుకున్న పెళ్లి ఎంత పెద్దదో ఇప్పుడు తెలుస్తోంది. మెచ్చుకోవలసింది దాన్ని. నేను మెచ్చుకున్నది దాని మీద కప్పిన గుడ్డను.

పోయిన నెల పిన్ని మా ఇంటికి వచ్చింది. వంటగదిలో ఆమె చిక్కుడుకాయలు వలుస్తుంటే మొత్తం చెప్పేశాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"పోయేముందు మా నాన్న నాతో అన్నాడే," అంది. "మీ అమ్మ ఆ సంగతి మనసులో ఎట్టుకునే ఎలిపోనాదని."

తిట్టలేదు, ఓదార్చలేదు. మిగిలిన కాయలు వలిచి, చేతులు కడుక్కుని, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది. ఇప్పటికీ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. క్షమించమని ఆమెను అడగలేదు, అది ఆమె ఇవ్వగలిగింది కాదు కనుక.

మీ దగ్గరా అడగడం లేదు. కాని అమ్మమ్మ తాతను క్షమించిందని ఇప్పుడు పిన్నికి తెలుసు, మీకు తెలుసు. నా ఒక్కదానికే తెలిసినంతకాలం అది అబద్ధం లాగే ఉండేది.