కత్తెరకా, ఉంగరానికా

మా ఊళ్లో సర్పంచి అనరు, ప్రెసిడెంటు అంటారు. ఈసారి ఆ కుర్చీ ఆడవాళ్లకు వచ్చింది. మా చెల్లెలు కత్తెర గుర్తు మీద నిలబడింది. పోటీగా ఉంగరం గుర్తు మీద నిలబడింది ఏజెంటు భార్య. ఆమెది పేరుకే. దండాలు పెట్టేదీ, హామీలిచ్చేదీ అంతా ఏజెంటే. మా పేటలో సగంమంది ఆడవాళ్లను కువైట్ విమానం ఎక్కించింది అతనే. నన్నూ అతనే ఎక్కించాడు.

ఆ ఎన్నికతో నాకేం పని అంటే, మా అమ్మాయి. ఇంటర్ పాసైంది, నర్సింగులో చేర్చాలని నా పట్టుదల. ఏజెంటేమో దాన్ని కూడా కువైట్ పంపమని మా ఆయన చెవిలో జోరీగలా పోరుతున్నాడు. పద్దెనిమిదేళ్ల పిల్ల, అక్కడ ఇంటిపనికి ముప్పై నిండాలి కదా అంటే, వయసు సంగతి కాగితాల్లో తాను చూసుకుంటానన్నాడట! ఊళ్లో ఇప్పటికే అతని మాటకు ఎదురు లేదు. ప్రెసిడెంటు కుర్చీ కూడా ఆ ఇంటికే పోతే, మా ఆయన లాంటి మెతకమనిషి కాదనగలడా? అందుకే చెల్లెలు గెలిచి తీరాలి. నా ఓటు ఊళ్లో ఉంది. నేను కువైట్‌లో, సబా అల్ సలేంలో ఒకరింట్లో అంట్లు తోముతున్నాను.

మా ఊరి ఆడవాళ్లందరం కలిసి అబ్బాసియాలో ఒక గది అద్దెకు తీసుకున్నాం, శుక్రవారం కోసమే. చర్చిలో ప్రార్థన అయ్యాక అక్కడ చేరి, వండుకుని తిని, మళ్లీ ఎవరి మామా ఇంటికి వాళ్లం పోతాం. పని చేయించుకునే ఇంటావిడను ఇక్కడ మామా అంటాం. ఎన్నికలొచ్చాక ఆ గది కాస్తా పార్టీ ఆఫీసైపోయింది. మా ఊరి అభ్యర్థులు ముందు కువైట్‌కు ఫోన్ చేసి, ఆ తర్వాతే ఇంటింటికీ తిరుగుతారు. సంపాదించి పంపేది మేము కాబట్టి ఇంట్లో ఓట్లు మా గుప్పిట్లో ఉంటాయని వాళ్ల నమ్మకం. మాకూ అదే పిచ్చి.

ఆ శుక్రవారం చెల్లెలు వీడియోలో అందరికీ దండం పెట్టింది. "అక్కలూ, వదినలూ, మీ ఇళ్లకి ఫోన్లు సేసి సెప్పండి. మీ మాటే నాకు బలం."

అందరూ చెబుతామన్నారు. కాసేపటికే ఏజెంటు ఫోన్ చేశాడు. అతను ఓటు మాటే ఎత్తలేదు. "ఏవమ్మా, అందరూ బాగున్నారా? అక్కడ ఏ కట్టమొచ్చినా ఫోనెత్తేది నేనే కదమ్మా," అని మాత్రం అన్నాడు.

 ఫోన్ పెట్టేశాక మాలో పెద్దావిడ నా వైపు తిరిగింది. "ఏం సెయ్యమంటావే? రేపు మా మామాతో గొడవొత్తే మీ సెల్లి వత్తాదా?"

నాకు ఒళ్లు మండింది. "మొన్న నీకు జ్వరమొత్తే మీ మామా పన్లోంచి తీసేత్తానంది కదా. ఎత్తాడా ఫోను?"

"ఎత్తలేదు," అంది ఆవిడ మెల్లగా. "ఈసారి ఎత్తుతాడేమోనని."

అయినా వీధి వీధికీ లెక్కలేశాం. చర్చి వీధి మనది, కాలవగట్టు సగం సగం, రేవు వైపు ఇళ్లు వాళ్లవి. ఎటు తిప్పినా చెల్లెలే గెలుస్తోంది. లెక్కేసింది మేమే కదా, గెలవక ఏం చేస్తుంది!

పోలింగు రోజు మా అమ్మాయి సిరా అంటిన వేలు ఫొటో తీసి పంపింది. దానికదే మొదటి ఓటు. ఎంత మురిసిపోయానో. లెక్కింపూ ఆ రోజే. అక్కడ సాయంత్రం, ఇక్కడింకా మధ్యాహ్నం, ఇస్త్రీ చేస్తుంటే చెల్లెలి గొంతు మెసేజ్ వచ్చింది. "పోయిందే అక్కా. గుప్పెడు ఓట్లతో పోయింది." అటుపైన ఏడుపే. నేను మామా కొడుకు చొక్కా ఇస్త్రీ చేస్తూనే ఉన్నాను. చెయ్యి ఆపితే ఎందుకు ఆపావని అడుగుతారు.

సాయంత్రం మామా బయటికెళ్లగానే ఇంటికి ఫోన్ చేశాను. అమ్మాయి ఎత్తింది. 

"అమ్మా, తిట్టకు. నేను ఉంగరానికేశాను."

"ఎవరు ఎయ్యమన్నారే? మీ నాన్నా?"

"నాన్న కత్తెరకే ఏశాడు. నాన్నమ్మా అంతే. నేనే ఏశాను. ఆళ్లు గెలిత్తే నాకు బేగీ వీసా తీత్తానన్నాడమ్మా ఆయన."

"నీకెందుకే వీసా? నర్సింగు సదువుకోవే తల్లీ."

"నేను మూడో తరగతిలో ఉండగా ఎల్లావు నువ్వు. నాకు నర్సింగొద్దమ్మా. నీ దగ్గరికొచ్చేత్తాను."

ఏజెంటును ఎదిరించడానికి నేను చెల్లెల్ని నిలబెట్టుకున్నాను, పేటంతా ఫోన్లు చేయించాను. ఈ మాటకు ఎవరిని ఎదురు నిలబెట్టను? కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఉన్నమాట చెప్పాను. నా దగ్గర ఉండేది లేదనీ, తనను దూరంగా ఏ అర్దియాలోనో ఎవరింట్లోనో పడేస్తారనీ, నేను ఇక్కడ, తను అక్కడ అనీ చెప్పాను. ఆ ఇంటి మామా మంచిదైతే నెలకోసారి బయటికి పంపుతుందనీ, కాకపోతే అదీ లేదనీ చెప్పాను.



"నెలకోసారైనా నిన్ను సూత్తాను కదమ్మా," అంది.